రెండు ముడతల నీళ్లు

నోరీన్ పిడికిలి బిగించి ముడతల రేకు ట్యాంకును పైనుంచి కిందికి తట్టుకుంటూ వస్తోంది. డొల్ల. డొల్ల. ఇంకా డొల్లే. మోకాళ్ల ఎత్తుకు వచ్చాకగానీ చప్పుడు బరువెక్కలేదు. అడుగున రెండు ముడతల నీళ్లు మిగిలాయన్నమాట. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, ముక్కను ట్యాంకు దిమ్మె మీద పెట్టింది.

"ఎంతుందేంటి?" వరండాలోంచి చెల్లెలు వల్మా అరిచింది.

"ఉన్నంత ఉంది."

"రెండేగా? చూశాలే. అక్కా, మాటంటే మాటే. నీళ్ల లారీని పిలిచిన రోజున మూట సర్దుకుని నాతో టౌనుకొచ్చేస్తానన్నావు."

"పిలిచిన రోజున కదే! పిలిచానా?"

ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా పిలవలేదు. అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికింది. మానేసిన రోజున అక్కడ ఎవరూ వీడ్కోలు కూడా చెప్పలేదు. నలభై అయిదో ఏట కరెంటు తీగా కొళాయి గొట్టమూ రాని ఈ కొండవాలు కొనుక్కుని, మట్టి తొక్కి ఇటుకలు పోసింది. ప్రతి తడవ ఇటుకల్లోంచీ ఎండిన ఒకదాన్ని భుజం ఎత్తునుంచి కింద పడేసేది. పగిలితే ఆ తడవ మొత్తం నానబెట్టి మళ్లీ తొక్కేది. అలా లేచిన గోడల్లో ఇప్పటికీ వేలు దూరే బీట లేదు. కూరలు కడిగిన నీళ్లు గిన్నెలకి, గిన్నెలు కడిగినవి టమాటాలకి, స్నానం నీళ్లు నిమ్మచెట్టుకి.

ఇప్పుడు డెబ్బై ఒకటి. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బాయి. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. వల్మా ఊడిపడింది అందుకే.

పదింటికి నీళ్ల లారీ కెల్విన్ రోజూలాగే గేటు ముందు ఆగి హారన్ కొట్టాడు.

"ఏం నోరీన్, ఈరోజైనా గొట్టం దింపమంటావా?"

"దింపు దింపు, నీ నోట్లోకే దింపుకో!"

కెల్విన్ పకపకా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి పడమటి కొండ నల్లబడింది. నోరీన్ గబగబా వెళ్లి, కప్పు మీది నీళ్లను ట్యాంకులోకి దించే గొట్టాన్ని ఊడదీసి పక్కకు తిప్పేసింది. టపటపమన్న చినుకులు చూస్తుండగానే జడివాన అయ్యాయి. గొట్టంలోంచి గోధుమరంగు నీళ్లు ధారగా నేలపాలవుతున్నాయి. వల్మా తడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"నీకేమైనా మతి పోయిందా? ఐదు నెలలకి పడ్డ వాన!"

ఆమె గొట్టం మీద చెయ్యి వేయబోతే నోరీన్ ఆ చేతి మీద ఒక్కటి చరిచింది.

"ఆగవే! ముందు కప్పు కడగనీ. ఐదు నెలల దుమ్మూ, పిట్టల రెట్టలూ తాగుతావా ఏంటి?"

గాజుగ్లాసు పట్టి చూసింది. మట్టి. పారబోసింది. మళ్లీ పట్టింది, మళ్లీ పారబోసింది. నాలుగో గ్లాసులోంచి అవతల తన వేళ్లు స్పష్టంగా కనిపించాయి. గొట్టం ట్యాంకుకు తగిలించింది. దాదాపు ఖాళీ ట్యాంకు ధనధనా మోగింది.

పొడిబట్టలు కట్టుకుని వరండా కుర్చీలో కూర్చుంది. వల్మా టీ తెచ్చి చేతికిచ్చింది.

"నువ్వే గెలిచావులే అక్కా. ఇక్కడే ఉండు."

"ఉంటానే. ఆ మోత తగ్గేదాకా వింటూ కూర్చుంటా."

వల్మా లోపలికెళ్లి పొయ్యి రాజేసి వచ్చేసరికి టీ అలాగే ఉంది. నోరీన్ తల ట్యాంకు వైపు వాలి ఉంది. రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా, వంగి అక్క కనురెప్పలు మూసింది. వాన మాత్రం తెల్లవార్లూ కురిసింది.

పొద్దున్న కెల్విన్ లారీ లేకుండా నడిచి వచ్చాడు. టోపీ తీసి నిలబడ్డాడు. వల్మా ట్యాంకు దగ్గరికి వెళ్లి, అక్కలాగే పిడికిలి బిగించి పైనుంచి తట్టింది. నడుం ఎత్తుకే చప్పుడు బరువెక్కింది.

"పది ముడతలు, కెల్విన్," అంది ఏడుస్తూనే. "మా అక్క నీ లారీని పిలవలేదు, చూశావా!"

"పిలవలేదమ్మా," అన్నాడు కెల్విన్. "ఎప్పుడూ పిలవలేదు."

గీత గీద్దామని వల్మా దిమ్మె మీది సుద్దముక్క తీసింది. అది వానకు నానిపోయింది, ఆరితేగానీ గీత పడదు. నోరీన్ వేళ్లకు ఒక పక్క అరిగిన ఆ ముక్కను కిటికీ గట్టు మీద, ఎండ తగిలేచోట ఆరబెట్టింది.