మూడింటిదాకా విశ్రాంతి

“ఈ శనివారం మరీ ఎక్కువ చెయ్యకులే, నేటా, రెండు పళ్ళేలు చాలు” అన్నాడు డీడ్రిక్. మా ఆయన మంచివాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివరికొచ్చేసరికి మీరు ఆయన్ని తిట్టిపోస్తారు. తాగడు, చెయ్యెత్తడు, గొంతు పెంచడు. నన్ను వీలైనంతసేపు మంచం మీదే ఉండమని డాక్టరు గురువారం చెబితే, శనివారానికల్లా, నేను అడక్కుండానే, నాలుగు పళ్ళేల బన్నుల్ని రెండుకి తగ్గించాడు. ఇంకే మగాడైనా ఆ మాత్రం కూడా అనడని అత్తయ్య అంది. నిజమే, అనడు. నేను పిండి జల్లెడ పట్టడం మొదలుపెట్టాను.

మా బన్నులు మామూలు బన్నులు కావు. పెద్ద ఉండ మీద చిన్న ఉండ పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కాలి. నొక్కడం సరిగా కుదరకపోతే పొయ్యిలో తలలు దొర్లిపోతాయి. తల్లీ పిల్లా అనేది మా అమ్మ వాటిని. ఆదివారం మాకు పని నిషిద్ధం. ట్రాక్టరు కదలకూడదు, సూది ముట్టకూడదు. మధ్యాహ్నం మగవాళ్ళు తిని ఓ కునుకు తీస్తారు, మూడింటికి ఊళ్ళో కార్లు బయల్దేరతాయి. పిలుపులుండవు. ఎవరి వాకిట్లో కారాగితే వాళ్ళు ఫస్పా, అంటే సాయంత్రపు ఫలహారం, పెట్టాలి: బన్నులు, వెన్న, ప్లమ్ జామ్, చల్లటి పంది మాంసం, ఊరవేసిన దోసకాయలు, పుల్లటి రూబార్బ్ కాడల కేకు, కాఫీ. కాఫీ తప్ప అన్నీ చల్లవే, అన్నీ శనివారం చేసి పెట్టుకున్నవే. ఆదివారం ఆడవాళ్ళు కూడా విశ్రాంతి తీసుకోవాలని మా పెద్దలు చేసిన ఏర్పాటట. ఆ పెద్దల్లో ఒక్క ఆడదైనా ఉందా అని చిన్నప్పుడు అడిగి మా నాన్న చేత మొట్టికాయ తిన్నాను. రెండేళ్ళ కిందట సంఘంలో చీటీలు వేస్తే డీడ్రిక్ పేరొచ్చింది, బోధకుడయ్యాడు. అప్పట్నుంచి ఒక కారు వచ్చేచోట మూడు వస్తున్నాయి. “బోధకుడి ఇల్లంటే ఆ మాత్రం కళ ఉండాలి” అంటుంది అత్తయ్య.

నాకిది మూడో కడుపు. ఐదో నెల. మొదటిది మూడో నెలలో పోయింది. రెండోది సరిగ్గా ఈ నెలలోనే, ఒక ఆదివారం పోయింది. బల్ల చుట్టూ ఎనిమిదిమంది ఉన్నారు. పొద్దుట్నుంచీ నడుం లాగేస్తోంది, అయినా బన్నుల పళ్ళెం తిప్పుతూనే ఉన్నాను. మధ్యలో స్నానాలగదిలోకి వెళ్ళాను. అక్కడ జరిగింది జరిగింది. తువ్వాల్లో చుట్టాను, చేతులు కడుక్కున్నాను, నేల తుడిచాను, బయటికొచ్చి, ఫస్పాకొచ్చిన రైమర్ గారికి రెండో కప్పు కాఫీ పోశాను. ఒక్క చుక్క సాసర్లో పడలేదు. ఆ వణకని చెయ్యి ఉంది చూశారూ, దాన్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు. అందరూ వెళ్ళాక డీడ్రిక్‌కి చెబితే నా పక్కన కూర్చుని ఏడ్చాడు. “ఇచ్చినవాడే తీసుకున్నాడు” అంది అత్తయ్య. మర్నాడు ఊళ్ళో ఎవరూ ఏమీ అడగలేదు. మావాళ్ళు కడుపుతో ఉందన్న మాట నోటితో అనరు, ఆప్రాన్ కాస్త వదులుగా కడితే చూసీ చూడనట్టు ఊరుకుంటారు. బిడ్డ పుడితే ఆకాశంలోంచి ఊడిపడినట్టు అందరూ ఆశ్చర్యపోతారు. పుట్టకపోతే అసలేమీ జరగనట్టే. జరగనిదానికి ఏడిస్తే పిచ్చిదంటారని నేనూ ఏడవలేదు, సోమవారం కదా, బట్టలుతికాను.

టౌన్లో కొత్త డాక్టరు మావాడు కాడు, ఇంగ్లీషువాడు. మొహమాటం లేదు. “వీలైనంతసేపు మంచం మీదే ఉండండి. ఎర్రచుక్క ఒక్కటి కనిపించినా కాళ్ళ కింద దిండ్లు పెట్టుకుని పడుకోండి. ఇల్లు తగలబడినా లేవకండి. ఇది కూడా పోతే మళ్ళీ నిలుస్తుందని నేను మాటివ్వలేను” అన్నాడు. డీడ్రిక్ టోపీని చేతిలో గుండ్రంగా తిప్పుతూ నేల చూశాడు. కారెక్కాక, “దేవుడి మీద భారం వేద్దాం నేటా” అన్నాడు. ఆయన వేశాడు. వేసి తేలికపడ్డాడు కూడా, దారంతా గోధుమ చేల గురించి మాట్లాడాడు. నాకు మాత్రం ఆ భారం పొత్తికడుపులోనే ఉంది.

మరి తెలిసి తెలిసి శనివారం పిండెందుకు పిసికావు అని మీరడగొచ్చు. నన్ను నేను వంద సార్లు అడిగాను. బన్నుల్లేని బల్ల ముందు బోధకుడి భార్య నిలబడితే ఊళ్ళో ఏమనుకుంటారో అన్న భయం, ఆ డాక్టరు మాట కన్నా నాకు పాతది. ఎముకల్లోకి దిగిన భయం అది.

నేను బన్నులు నొక్కుతుంటే డీడ్రిక్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎదురు కుర్చీ మీద కాళ్ళు చాపి, మర్నాటి ప్రసంగం చదివి వినిపించాడు. ప్రభువులో విశ్రాంతి గురించి. తుఫానులో పడవ ఊగిపోతుంటే యేసు దిండు మీద తల పెట్టి నిద్రపోయిన సంగతి తీసుకున్నాడు. యేసును వెంబడించడమంటే ఏడాదికోసారి బాప్తిస్మాల రోజున కాదు, ప్రతిరోజూ, ఆయన నడిచిన చోట నడవాలి, ఆయన నిద్రపోయిన చోట నిద్రపోవాలి అని రాసుకున్నాడు. ఆ మాట నాకు నిజంగా నచ్చింది.

“ఎలా ఉంది?” అన్నాడు.

“బాగుంది. కాళ్ళు తియ్యి, అక్కడ తుడవాలి.”

“నువ్వెప్పుడూ ఇంతే నేటా, వాక్యం ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తావు” అని నవ్వుతూ కాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు. నేను వంగి తుడిచాను. వంగినప్పుడు నడుంలో ఏదో పట్టి లాగింది.

ఆదివారం ఆ ప్రసంగం బ్రహ్మాండంగా పండింది. ఆడవాళ్ళ వైపు బెంచీల్లో ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. నేను మాత్రం ఆ దిండు దగ్గరే ఆగిపోయాను. పడవలో దిండెక్కడిది? జాలర్లు దిండ్లు కుట్టుకుంటారా? ఎవత్తో ఒకతి ఈకలు ఏరి, కుట్టి, పొద్దున్నే పడవలో పెట్టి పంపి ఉంటుంది. ఆమె ఆ రాత్రి ఎక్కడ తల పెట్టుకుందో? ప్రభువా, నన్ను నవ్వించకు, నవ్వితే నొప్పి పుడుతోంది అనుకున్నాను. తర్వాత అడిగాను, నిజంగా, పంటి బిగువున అడిగాను. నాకీ ఒక్క బిడ్డనియ్యి. నాకు విశ్వాసం లేక కాదు, నాకు తీరిక లేదు. నీలో విశ్రమించమంటారు, నువ్వెక్కడున్నావో అక్కడికి రావడానికైనా నన్ను కూర్చోనివ్వాలి కదా.

ఇంటికొచ్చి భోజనాలయ్యాయి. డీడ్రిక్ హాల్లో సోఫా మీద, అత్తయ్య తన గదిలో నడుం వాల్చారు. గిన్నెలు కడగడం పని కిందికి రాదు మావాళ్ళకి, కాబట్టి కడిగాను. ఆఖరి గిన్నె ఆరబెడుతుంటే వెచ్చగా తడి తెలిసింది. స్నానాలగదిలోకి వెళ్ళి చూసుకున్నాను. ఒక చుక్క కాదు. అదే గది, అదే నెల, అదే ఆదివారం. తువ్వాలు అదే కొయ్యకి వేలాడుతోంది. గోడ పట్టుకుని నిలబడిపోయాను. లోపల రెండు వారాల నుంచీ సీతాకోకచిలుకలా తగులుతూ ఉండేది, పొద్దుట్నుంచీ తగల్లేదని అప్పుడు గుర్తొచ్చింది.

డీడ్రిక్‌ని లేపాను. “మళ్ళీ మొదలైంది.”

ఆయన మొహం పాలిపోయింది. నా చేతులు పట్టుకుని ప్రార్థన చేశాడు, మంచి ప్రార్థన. నేనే డాక్టరుకి ఫోన్ చేశాను. “కదలకండి, పడుకునే ఉండండి, ఎక్కువైతే అంబులెన్సు పంపిస్తాను” అన్నాడు. డీడ్రిక్ నన్ను నడిపించి మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద రెండు దిండ్లు తనే పెట్టి, దుప్పటి కప్పి, గోడ గడియారం వంక చూశాడు.

“పడుకో నేటా. మూడింటిదాకా ఎవరూ రారులే.”

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. మూడింటిదాకా. నా బిడ్డకి గంటా పది నిమిషాలిచ్చాడు. నేను పైకప్పు చూస్తూ, చెయ్యి కడుపు మీద వేసుకుని, కదులు, కదులు, ఒక్కసారి కదులు అని బతిమాలుతూ పడుకున్నాను. ఏడుపు చెవుల్లోకి జారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యెత్తినా లోపల ఏదైనా జారిపోతుందేమోనని భయం. చచ్చిపోతే బాగుండుననిపించింది, దేవుడి తోడు, అబద్ధం ఎందుకు, చచ్చినదాన్ని కాఫీ పెట్టమని ఎవరూ లేపరు కదా అనిపించింది.

మూడు కొట్టింది. కంకర మీద కారు చక్రాల చప్పుడు. వెనకే ఇంకోటి. రైమర్ గారి గొంతు: “ఏం బోధకుడుగారూ, ఇంకా కళ్ళు నలుపుకుంటున్నారు? పొద్దున చెప్పిన ప్రసంగం మీకే బాగా ఎక్కినట్టుందే!” అందరూ పగలబడి నవ్వారు. కుర్చీలు జరిగాయి. పొద్దుతిరుగుడు గింజలు పళ్ళతో చిట్లిస్తున్న చప్పుడు.

అత్తయ్య తలుపు తీసుకుని వచ్చింది. “రైమర్ వాళ్ళొచ్చారు, టోస్ వాళ్ళు కూడా. ఇంకా పడుకున్నావేమే? నీళ్ళు పొయ్యి మీద పెట్టావా లేదా?”

“రక్తం పోతోందత్తయ్యా.”

ఆ మాట ఆ ఇంట్లో అంత తేటగా ఎవరూ అని ఉండరు. అత్తయ్య గబుక్కున తలుపు మూసింది. “మెల్లిగా! మగవాళ్ళున్నారు.” తర్వాత మంచం దగ్గరికొచ్చి దుప్పటి సర్దింది. “భయపడకు. మేమూ పడ్డాం ఇవన్నీ. తొమ్మిదిమందిని మోశాను, ఐదుగుర్ని పెంచాను. ఒక్క ఆదివారం కూడా కాఫీ ఆలస్యమైందని ఎవరితోనూ అనిపించుకోలేదు.”

“మిగతా నలుగురూ?” అన్నాను.

“ఏ నలుగురు?” అంది.

అన్నాక గడ్డం కింద తలగుడ్డ ముడిని వేళ్ళతో తడుముకుంది, విప్పింది, మళ్ళీ వేసుకుంది. నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదని నాకు తెలిసిపోయింది. నా వంక చూడకుండా గోడ పట్టుకుని బయటికి వెళ్ళింది.

ఆమె వెళ్ళిన వెంటనే డీడ్రిక్ వచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాడు. “నేటా, వాళ్ళు నీకోసం అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?”

“నిజం చెప్పు.”

“రైమర్ ముందా? ఆదివారం పూట, అంతమందిలో, అలాంటి మాట ఎలా అనను?”

“అయితే తలనొప్పని చెప్పు.”

“అబద్ధం కదా నేటా!”

చూశారా మా ఆయన మంచితనం. అబద్ధం ఆడితే పాపం, నిజం చెబితే సిగ్గు, మధ్యలో మిగిలిన దారి ఒక్కటే, నేను లేవడం. ఆయన మంచం అంచున మోకాళ్ళ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. “ఒక్క పది నిమిషాలు. కుర్చీలో కూర్చునే కాఫీ పొయ్యి. కప్పులు నేనందిస్తాను. ఆ తర్వాత రాత్రిదాకా పడుకో, నిన్నెవరూ లేపరు.”

నేను నా చెయ్యి వెనక్కి తీసుకుని కడుపు మీద పెట్టుకున్నాను. “పొద్దున నువ్వు చెప్పిందే చేస్తున్నాను డీడ్రిక్.”

“ఏం చెప్పాను?”

“ఆయన నిద్రపోయిన చోట నిద్రపొమ్మన్నావు.”

ఆయన నా వంక చూశాడు. కోపం కాదు, అర్థం కాని చూపు. లేచి వెళ్ళాడు. హాల్లో గింజల చప్పుడు ఆగిపోయింది. “ఏమైంది, ఒంట్లో బాగోలేదా?” అని ఒక ఆడగొంతు, “వస్తోంది, వస్తోంది” అని డీడ్రిక్ గొంతు. కప్పులు ఖాళీగా ఉన్నాయని చప్పుడు లేకుండానే తెలుస్తోంది. వంటింట్లో ఎవరో కుళాయి తిప్పి వెంటనే కట్టేశారు. మళ్ళీ పిలిచాడు, “నేటా!” అని. ఇంకోసారి పిలిచాడు, ఈసారి గొంతు పెంచి, పెళ్ళయిన ఆరేళ్ళలో మొదటిసారి గొంతు పెంచి, మునిగిపోతున్నవాడిలా పిలిచాడు.

కళ్ళు మూసుకున్నాను. ఆ పడవలో శిష్యులు పిలిస్తే యేసు లేచాడు. నేను లేవలేదు.