పదకొండు సీసాలు

అయినా పీపా కొంటే ఈ సీసాల పీడ విరగడవుతుంది కదా, కడిగేది లేదు, మూత బిగించేది లేదు, బీరంతా ఒకే స్టీలు పీపాలో పోసి గ్యాస్ పట్టిస్తే సరి, పేలే గాజు ఇంట్లోనే ఉండదు, అనుకుంటూ నెవిల్ ఆ సెకండ్‌హ్యాండ్ పీపాని వేళ్లతో తట్టి చూశాడు, తట్టగానే వచ్చిన చప్పుడుకి గుండె గుభేలుమంది, ఇంత చిన్న చప్పుడుకా, యాభై తొమ్మిదేళ్ల మనిషి, పట్టపగలు, ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో ఇంటి బీరు సామాన్లమ్మే కొట్లో నిలబడి, పక్కన పాత నేస్తం డార్సీ ఉన్నాడు కాబట్టి సరిపోయింది గానీ, కాదు, డార్సీ పక్కన ఉండటమే అసలు బాధ, వాడి కుడి కన్ను గాజుది, అది తనని చూడదు, తొమ్మిదేళ్లుగా పబ్బులో, ఫుట్‌బాల్ మైదానంలో తను ఏరికోరి ఆ వైపే కూర్చుంటున్నాడు, అలవాటని చెప్పుకుంటాడు, కౌంటర్ వెనక నుంచి కొట్టు యజమాని గ్లెనిస్ ఏం పెద్దమనుషులూ, అలా చూస్తూ నిలబడితే పీపా దానంతటది నిండదు, సాయంత్రం లోపల తేలుస్తారా అంటోంది, ఆవిడ నోరు పెద్దదే గానీ సరుకు మంచిది, ఇద్దరూ చెరో రెండొందల డాలర్లు వేసుకుని వచ్చారు, పీపా, గ్యాస్ సిలిండర్, కొళాయి తీసుకుంటే ఆ నాలుగొందలూ హారతి కర్పూరంలా కరిగిపోతాయి, థర్మోస్టాట్ బిగించిన పాత ఫ్రిజ్ అయితే అందులో సగానికే వస్తుంది, బీరు పులిసినన్నాళ్లూ ఒకే వేడిలో ఉంచుతుంది, కానీ ఫ్రిజ్ అంటే మళ్లీ సీసాలే, సీసాలంటే మళ్లీ గ్యాస్ పుట్టడానికి ఒక్కో సీసాకి ఒక్కో చెంచా చక్కెర, డార్సీ బయల్దేరేటప్పుడే చెప్పేశాడు, పీపానే కొందాం రా నెవ్, చక్కెర దగ్గరికి మాత్రం నన్ను రానివ్వకు, నీకూ భయం ఉండదు, నాకూ ఉండదు, అని, ఆ మాటలో అంత క్షమాపణ ఎందుకు, వింటుంటే తనకి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

కన్ను పోయిన ఆ ఏడు ఆగస్టు, ఇక్కడ ఆగస్టంటే చలికాలం, షెడ్డులో బీరు పులిసే డ్రమ్ము మూత మీద బుడగలు పావుగంటకొకటి కూడా రావడం లేదు, సెప్టెంబరు ఆఖర్న ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనల్, వీధంతా బీరుకి తన ఇంటికే వస్తుంది, అయితే ఒక నియమం ఉంది, సీసాల్లో పట్టేముందు బీరులో తేలే గాజు గొట్టాన్ని వరసగా రెండు రోజులు చూడాలి, రెండు రోజులూ ఒకే అంకె దగ్గర తేలితే పులియడం అయిపోయినట్టు, దిగితే ఇంకా పులుస్తున్నట్టు, అప్పుడు పడితే గ్యాస్ ఎక్కువై సీసా పేలుతుంది, మొదటిరోజు తను చూశాడు, పుస్తకంలో రాశాడు, రెండోరోజు వాన, షెడ్డు దాకా పోవడానికి బద్ధకం, వంటింట్లోనే నిలబడి నిన్నటి అంకెనే కింద మళ్లీ దింపేశాడు, అంతే, చలికి బీరు నెమ్మదిగానైనా పులుస్తూనే ఉందని చూసినవాడు లేడు, మర్నాడు డార్సీ పుస్తకం తిరగేసి, రెండూ ఒకటే, ఇంకేం, పట్టేద్దాం అన్నాడు, తను డ్రమ్ము కొళాయి దగ్గర, డార్సీ చక్కెర చెంచాతో, పన్నెండు, పదమూడు అని పైకి లెక్కపెడుతూ, తను ఏదో జోకు వేస్తే నవ్వి, ఒరేయ్ పద్నాలుగా పదిహేనా, తప్పించావు కదరా అని, తరవాత త్వరగా గ్యాస్ పడుతుందని సీసాలన్నీ హాల్లో కట్టెల పొయ్యి పక్కన పేర్చారు, రెండు వారాలయ్యాక ఒక ఆదివారం, ఓవెన్లో గొర్రె మాంసం వేగుతున్న వాసన, డార్సీ ఒక సీసా తీసి వెలుతురుకి పట్టి చూద్దామని వంగాడు, ఒకటి పేలింది, దాని దెబ్బకి పక్కది, ఆ పక్కది, నురగ కప్పుకి కొట్టింది, డార్సీ అరవలేదు, అదే తనని ఇప్పటికీ వదలనిది, అరవకుండా రెండు చేతులతో మొహం కప్పుకుని, నెవ్, నీకేం కాలేదు కదా అని అడిగాడు.

ఆసుపత్రిలో కట్టు కింద నుంచి వాడన్న మొదటి మాట, చక్కెర రెండుసార్లు వేసేశాన్రా, లెక్క తప్పాను కదా, అని, అప్పుడు చెప్పాలి, నోటి దాకా వచ్చింది, బయటికొచ్చింది మాత్రం పోనీలే రా, ఎవరికైనా జరుగుతుంది అన్న మాట, తన తప్పుకి వాణ్ణి క్షమించాడు, ఎంత పుణ్యాత్ముడు, వాడు తన చెయ్యి పట్టుకుని ఏడ్చాడు కూడా, కుట్లు విప్పాక చెబుదాం, గాజు కన్ను పెట్టాక చెబుదాం, క్రిస్మస్ వెళ్లాక చెబుదాం, ఇంతలో ఇంకో క్రిస్మస్, డార్సీ చెయ్యి తిరిగిన వడ్రంగి, వాడు కట్టిన మెట్లు ఎవరెక్కినా కిర్రుమనవు, ఒంటి కన్నుతో పని చేసే వడ్రంగులు లేరా, ఆర్నెల్లలో అలవాటవుతుందని డాక్టరు కూడా అన్నాడు, వాడు మళ్లీ రంపం ముట్టలేదు, ఇప్పుడు సూపర్‌మార్కెట్ ముందు ట్రాలీలు తోస్తున్నాడు, కన్ను వల్లే అని ఊరంతా అనుకుంది, తనూ అలాగే అనుకున్నాడు, అలా అనుకోవడం సుఖంగా ఉంది.

ఆ పీపా మీకెందుకయ్యా, ఇంటినిండా సీసాలున్నాయంటున్నారు, ఫ్రిజ్ పట్టుకెళ్లండి అంటోంది గ్లెనిస్, డార్సీ చేతులు జోడించినంత పని చేసి, సీసాలొద్దు తల్లీ, చక్కెర రెండుసార్లు వేసి కన్ను పోగొట్టుకున్న ఘనుణ్ణి నేను అన్నాడు, ఆవిడ నవ్వబోయి ఆగి, ఎన్ని పేలాయేంటి అంది, పదకొండు అన్నాడు వాడు, పదకొండింటికీ రెండేసి చెంచాలు వేశావా, మతి ఉండే వేశావా, ఒకటో రెండో అయితే చెంచా తప్పు, సరిగ్గా పట్టిన సీసా పక్కది పేలినంత మాత్రాన పేలదు, పదకొండంటే డ్రమ్ములో బీరే ఇంకా పులుస్తోందన్నమాట, రీడింగ్ చూడలేదా మీరు, నెవిల్ వంగి పీపా అడుగు పరీక్షించసాగాడు, చూశాం, నెవ్ రెండు రోజులూ చూశాడు, రాశాడు కూడా, వాణ్ణేం అనకండి, అంతా దీనిదే, అంటూ డార్సీ కుడి చెయ్యి ఎత్తి, వేళ్లు విప్పి, ఎవరో అప్పగించి పోయిన వస్తువుని చూసినట్టు చూశాడు, చెంచా లెక్క నిలవని చేతికి రంపం ఇస్తే ఎవడి వేళ్లు పోతాయో అని భయమేసింది, అందుకే పని మానేశా, కన్ను వల్ల కాదు, కన్నుతో నాకు పెద్ద ఇబ్బందేం లేదు, అన్నాడు.

కన్ను వల్ల కాదు, ఎంత మామూలుగా అనేశాడు, గ్లెనిస్ ఇప్పుడు డార్సీ వైపు చూడటం లేదు, తననే చూస్తోంది, చూడనీ, చెబితే మాత్రం కన్ను తిరిగొస్తుందా, మరి చెప్పి ఏం లాభం, అని ఇన్నేళ్లూ ఎంత తెలివిగా సర్దిచెప్పుకున్నాడు, కన్ను తిరిగిరాదు, నిజమే, దాన్ని దేవుడు కూడా ఇవ్వలేడు, ఆ చెయ్యి అలా కాదే, ఆ చేతికి ఏమీ కాలేదు, ఏ రోజునైనా తిరిగిచ్చేయొచ్చు, ఒరేయ్ నువ్వు లెక్క తప్పలేదు అన్న ఒక్క ముక్కతో, ఇవ్వలేదు, తనే దాచిపెట్టుకున్నాడు, డార్సీ, ఆ రెండోరోజు నేను షెడ్డులోకి వెళ్లలేదు రా, నిన్నటి అంకెనే మళ్లీ రాశాను, అంటున్న గొంతు తనదేనని ఒక క్షణం తరవాత గానీ తెలియలేదు, డార్సీ చెయ్యి ఇంకా అలాగే గాల్లో ఉంది, కన్ను తీసింది సీసా, ఈ చెయ్యి తీసింది మాత్రం తనే, తొమ్మిదేళ్ల పాటు, రోజూ.