సీతాలు ఇచ్చిన వాంగ్మూలం

పోర్ట్ బ్లెయిర్‌కు ఉత్తరాన ఉన్న మాయాబందర్‌కు పది మైళ్ల లోపల, అడవి కొట్టి సర్కారు పంచిన భూముల్లో పదకొండు తెలుగు కుటుంబాలు వరి పండించుకునేవి. ఆ పదకొండు ఇళ్లకూ కలిపి ఒకటే తుపాకి. అది మల్లేశు ఇంట్లో ఉండేది. భూములిచ్చిన రోజుల్లో పంట కాపలా కోసమని అతని తండ్రి అప్పయ్యకు లైసెన్సు ఇచ్చారు. అప్పయ్య పోయాక అది కొడుకు పేరు మీదికి మారింది. మల్లేశు దానితో ఏ జంతువునూ చంపలేదు. పొద్దు వాలే వేళ జింకల మంద అడవి అంచుకు రాగానే ఆకాశంలోకి ఒకసారి పేల్చేవాడు. మంద వెనక్కి తిరిగేది. ఆ చప్పుడు వింటే పక్క పొలాల వాళ్లు నిశ్చింతగా ఇళ్లకు పోయేవారు.

వ్యవసాయంతో పాటు మల్లేశు ఒక కూరగాయల వ్యాపారి జీపు నడిపేవాడు. తొంభై ఒకటిలో, వానలు ఇంకా పడకముందు, పక్క పొలం గవరయ్య కళ్లు చూపించుకోవాలంటే జీపులో మాయాబందర్ తీసుకెళ్లాడు. ఆసుపత్రిలో ముసలాయన వరసలో కూర్చున్నంతసేపూ మల్లేశు జెట్టీ దగ్గర పాత స్నేహితులతో తాగాడు. తిరుగు ప్రయాణంలో గవరయ్యకు వాసన తెలిసింది.

"నడపగలవేట్రా?" అని అడిగాడు.

"ఈ రోడ్డు నాకు కొత్తేటి మావా? కూకో," అన్నాడు మల్లేశు.

నాలుగు మైళ్లు దాటాక మలుపులో జీపు కాలవలోకి ఒరిగింది. మల్లేశు నుదురు చిట్లింది, అంతే. గవరయ్య నడుము విరిగింది.

డాక్టరు పరీక్ష చేసి తాగి ఉన్నాడని రాసిచ్చాడు. కోర్టులో అడిగితే మల్లేశు, "తాగాను సాబ్," అని ఒప్పుకున్నాడు. జరిమానా వేసి, ఆరు నెలలు బండి నడపకూడదన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నారు అందరూ.

గవరయ్య మాత్రం మంచం దిగలేదు. ఆయనకూ ఆయన భార్య గురువమ్మకూ పిల్లలు లేరు. ఆ ఏడు మల్లేశు తన పొలం కంటే ముందు గవరయ్య పొలం దున్ని నాట్లు వేయించాడు. రోజూ పొద్దున్నే వెళ్లి ముసలాయన్ని లేపి కూర్చోబెట్టి, ఒళ్లు తుడిచి వచ్చేవాడు. గవరయ్య అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండేదని మల్లేశు తన భార్య సీతాలుతో రెండు మూడు సార్లు అన్నాడు.

అప్పటిదాకా పండక్కో పబ్బానికో తాగేవాడు ఇప్పుడు ఇంట్లోనే తాగడం మొదలుపెట్టాడు. శ్రావణంలో ఒక ఆదివారం మధ్యాహ్నం సీతాలు బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి మల్లేశు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తుపాకి ఉంది. గొట్టం కొస గడ్డానికి జానెడు దూరంలో ఉంది. ఆమె అరవలేదు. తడిబట్టలు కింద పెట్టి, దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో తుపాకి తీసుకుంది. అతను వదిలేశాడు. లోపల తూటా ఉంది. తరువాత నెలలో మళ్లీ అలాగే జరిగింది. ఆ రెండో రోజు నుంచి సీతాలు తూటాలను బియ్యం డబ్బాలో దాచింది. అయినా పొలంలో ఉన్నంతసేపూ ఆమె చెవులు ఇంటి వైపే ఉండేవి.

లైసెన్సు పొడిగించుకోవలసిన గడువు వచ్చింది. కాగితాలన్నీ హిందీలో ఉన్నాయి. తొమ్మిదో తరగతి చదివే కూతురు చిన్నమ్మి నింపడానికి కూర్చుంది. ఒక చోట ఆగింది.

"నాన్నా, ఏ కేసులోనైనా సజా, అదే శిక్ష, పడిందా అని అడుగుతున్నారు. ఏటి రాయాలి?"

"పడింది కదే. ఉన్నదే రాయి," అన్నాడు.

రాసింది. ఆ కాగితం ఆఫీసుకు వెళ్లి, అక్కడి నుంచి పోలీసు థానాకు వెళ్లింది. విచారణకు హెడ్ కానిస్టేబుల్ సత్యారావు వచ్చాడు. అతనూ ఇక్కడే పుట్టిన తెలుగువాడు, సొంతిల్లు పోర్ట్ బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో. వచ్చేసరికి మల్లేశు పొలంలో ఉన్నాడు. సీతాలు స్టూలు వేసి, టీ ఇచ్చింది.

"ఒక్క కేసే కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు దీదీ," అన్నాడు సత్యారావు. "కానీ తాగి నడిపిన కేసు. మనిషికి దెబ్బ తగిలింది. అందుకే ఇంట్లో వాళ్లని అడగమన్నారు. భయ్యా ఇంట్లో తాగుతాడా?"

"తాగుతాడు."

"తాగినప్పుడు తుపాకి జోలికెళ్తాడా?"

సీతాలు వాకిలి బయటికి చూసింది. మల్లేశు దూరంగా గవరయ్య పొలం గట్టు మీద వంగి కలుపు తీస్తున్నాడు. వెన్ను మీద చొక్కా చెమటకు అతుక్కుపోయి ఉంది. లేదని చెప్పడం ఎంతసేపు? తుపాకి లేకపోతే పంట ఉండదని ఆమెకు తెలుసు. పదకొండు ఇళ్ల వాళ్లూ ఏమంటారో తెలుసు.

"ఎల్తాడు," అంది. ఒళ్లో తుపాకితో కనిపించిన ఆ రెండుసార్లూ జరిగినదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ కొంగు కొస వేలికి చుట్టుకుంటూనే ఉంది.

సత్యారావు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. "ఇది రాస్తే ఇంక ఇవ్వరు దీదీ. ఎవరు చెప్పారో కూడా ఆయనకి తెలిసిపోద్ది. రాయమంటావా?"

"రాయండి. మనిషుంటే చాలు నాకు."

ఆమె వేలిముద్ర వేసింది.

నెల తరువాత మల్లేశును ఆఫీసుకు రమ్మన్నారు. సీతాలూ వెంట వెళ్లి గది బయట బల్ల మీద కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. అధికారి హిందీలో నెమ్మదిగా చెబుతున్నాడు. తాగి బండి నడిపి శిక్ష పడినంత మాత్రాన లైసెన్సు పోవాలని చట్టంలో లేదు. అయినా తాగి అదుపు తప్పే మనిషి చేతిలో ఆయుధం ఉంచవచ్చా లేదా అని తాను చూడాలి. ఆ తరువాత ఇంటి విచారణలో రాసింది చదివి వినిపించాడు. తుపాకి థానాలో అప్పగించమన్నాడు. ఒప్పుకోకపోతే ముప్పై రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చన్నాడు.

మల్లేశు బయటికి వచ్చి సీతాలు ముఖం చూశాడు. బస్సులో కిటికీ పక్కన చోటు ఆమెకే ఇచ్చి, తాను నిలబడే వచ్చాడు. మరుసటి రోజు తుపాకిని గోనెపట్టాలో చుట్టి తీసుకెళ్లి థానాలో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. అన్నం పెడితే తినేవాడు. చిన్నమ్మితో మాట్లాడేవాడు. సీతాలును మాత్రం పేరు పెట్టి పిలవలేదు.

వరి పొట్ట మీదికి వచ్చింది. జింకలూ వచ్చాయి. పదకొండు ఇళ్ల వాళ్లూ డబ్బాలు కొట్టారు, మంటలు వేశారు, వెదురు కంచె కట్టారు. మొదట బెదిరిన మంద వారం తిరిగేసరికి డబ్బాల చప్పుడుకు అలవాటు పడిపోయింది. అడవిని ఆనుకుని ఉన్న గవరయ్య పొలం అన్నిటికంటే ముందు పోయింది. పొద్దున్నే వెళ్లి చూస్తే సగం మడి మొదళ్లే మిగిలాయి. బావి దగ్గర ఆడవాళ్లు సీతాలు రాగానే మాట మార్చేసేవారు. ఒకామె మాత్రం ముఖం మీదే, "మొగుడి మీద థానాలో చెప్పుకున్నావు, మా నోటి కూడు పోయింది," అంది. సీతాలు బిందె ఎత్తుకుని వచ్చేసింది.

అప్పీలు గడువు ఇంకో రెండు రోజులుందనగా సత్యారావు దారిలో కనిపించి గుర్తు చేశాడు. ఆ సాయంత్రం మల్లేశు గట్టు మీద కూర్చుని ఉంటే సీతాలు వెళ్లి చెప్పింది.

"ఎల్లుండితో అయిపోద్దంట. కాగితం పెట్టుకో. నేను అబద్ధం చెప్పానని రాయించు. వేలిముద్ర వేస్తాను."

చాలా రోజుల తరువాత అతను ఆమె వైపు నేరుగా చూశాడు.

"నిజంగా పేల్చుకుంటాననుకున్నావేటే?"

"అనుకున్నాను."

అతను చేతికి అంటిన మట్టి గోటితో గీక్కుంటూ ఉండిపోయాడు.

"నేనూ అనుకున్నాను, సీతాలూ," అన్నాడు.

ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏడవలేదు. చీకటి పడకముందే లేచి ఇంటికి వచ్చారు. అప్పీలు పెట్టలేదు.

మార్గశిరంలో గవరయ్య పోయాడు. కొడుకు లేడు కాబట్టి కొరివి మల్లేశే పెట్టాడు. ఆ నెలలోనే కోతలయ్యాయి. గవరయ్య పొలంలో దక్కింది రెండు బస్తాలు. మల్లేశు వాటిని తన భుజం మీదే మోసుకెళ్లి గురువమ్మ వసారాలో దించాడు.

"ఈసారి ఇంతేనా బాబూ?" అందామె.

"ఇంతే అత్తా."

"ఆయనుంటే ఇది చాలదా అనేవాడు," అని ఆమె బస్తా మూతి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

తరువాతి ఏడు ఆ పక్కన ఎవరూ వరి వేయలేదు. జింకలు ముట్టవని పోక మొక్కలు నాటారు. అవి కాపుకు రావాలంటే ఏళ్లు పట్టాలి. ఈలోగా బతకాలి. మల్లేశు పోర్ట్ బ్లెయిర్ దగ్గరి బాంబూఫ్లాట్‌లో పడవలు బాగుచేసే చోట కూలికి కుదిరాడు. తాగడం పూర్తిగా మానలేదు, తగ్గించాడు. రెండు నెలలకోసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చిన రోజు ముందు గురువమ్మ ఇంటికి వెళ్లి, నీళ్లు తోడి, కట్టెలు కొట్టి, ఆ తరువాతే తన ఇంటి మెట్లు ఎక్కేవాడు. సీతాలు అప్పటిదాకా తినకుండా కూర్చునేది.