జోజప్పగారి మొహం ఎటు?

మా మరదలు రోజా జోజప్పగారి సురూపాన్ని తలకిందులుగా గేటు పక్కన పాతిపెట్టింది. మా నాయన నలభై ఏళ్లు గూట్లో పెట్టి కొవ్వొత్తి వెలిగించిన జానెడు బొమ్మ, యేసుసామిని పెంచిన యోసేపుగారిది. అదీ మార్చిలో, జోజప్పగారి నెలలోనే. చేతులెట్టా వచ్చినాయో ఆ మహాతల్లికి.

సంగతేందంటే, ఈ ఇల్లు మా తమ్ముడు క్రీస్తురాజు పేరున ఉండాది. నాయన పోతాపోతా కొడుక్కి రాసిపెట్టినాడు. మొగుడు వదిలేస్తే ముప్పై ఏళ్ల కిందట వచ్చి, ఇదే ఇంట్లో మిషను కుట్టుకుంటా, నాయన మంచాన పడితే ఆరేళ్లు ఎత్తి దించింది మాత్రం నేను. మగ్దలీనమ్మ అనే నా పేరు ఏ కాగితంలోనూ లేదు. "అక్క ఉన్నన్నాళ్లు ఇక్కడే ఉంటాదిరా" అని నాయన నోటిమాటగా అన్నాడు. ఆ మాట రోజా చెవికెక్కదు. నెల్లూర్లో బాడుగింట్లో ఉండే ఆమెకి ఆడనే సొంత అపార్ట్‌మెంటు కావాల. ఇది అమ్మేస్తే నేను యాడికి పోవాల అంటే, "సిస్టర్ల ఆశ్రమం ఉండాది గదా వదినా, గుడి కూడా పక్కనే" అనింది, నేను పెట్టిన కాఫీ తాగతా.

నాలుగు నెలలుగా ఇల్లు చూడ్డానికి వచ్చినోళ్లందరికీ నిజం చెప్పి పంపించినా. బోర్లో ఉప్పునీళ్లు, ఊరు చుట్టూ రొయ్యల గుంటలు, వానొస్తే వంటిల్లు కారతాది. ఒక్క అబద్ధం లేదు. క్రీస్తురాజుకి తెలిసినా ఏమనలేదు, వాడికి నోట్లో నాలిక లేదు. రోజా ఊరుకుంటాదా? ఫోన్లో ఎవరో చెప్పినారంట, జోజప్పని తలకిందులుగా పాతితే ఇల్లు అమ్ముడుపోతాదని. పోయినాక తీసి కడిగి, కొత్తింట్లో పెట్టుకోవాలంట.

"పునీతుణ్ణి తలకిందులు చేస్తే పాపం కాదా?" అన్నా.

"ఆయనకి ఇబ్బందయితేనే గదా వదినా, తొందరగా పనిచేసేది" అనింది కాలితో మట్టి తొక్కతా. "మొహం మాత్రం ఇంటివైపే ఉండాల. వీధివైపు తిరిగిందంటే ఎదురిల్లు అమ్ముడుపోతాదంట."

బాలయేసుని సాకిన పెద్దమనిషి, సువార్తలో యాడా ఒక్క మాట మాట్లాడని మనిషి ఆయన. మెత్తనోణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్లేదు.

మర్నాడు పొద్దున్నే తవ్వినా. కడిగి గూట్లో పెడదామనే తవ్వినా. కానీ పెడితే రోజాకి తెలిసిపోతాది, ఇంకోటి కొనుక్కొచ్చి పాతతాది. అప్పుడు పుట్టింది నాకా బుద్ధి. మొహం వీధివైపు తిప్పి, అట్టానే తలకిందులుగా మళ్లీ పూడ్చేసినా. ఎదురిల్లు అమ్మకానికే లేదు గదా, ఎవరికేం నష్టం అనుకున్నా.

ఎదురింట్లో అంకాలమ్మ బాడుగకుంటాది. పద్దెనిమిదేళ్లుగా ఆ వసారాలో ఇడ్లీలు పోసి అమ్ముకుంటా బతకతా ఉంది. పొద్దున్నే మొదటి వాయ దింపంగానే నాలుగిడ్లీలు నాకు పెట్టి పంపిస్తాది. పోయిన ఏడు నాకు జొరమొస్తే వారం రోజులు నా మంచం పక్కన కూర్చున్నది ఆమే. మా రోజా ఫోన్లో పరామర్శించింది.

తొమ్మిదో రోజు మనుబోలు నుంచి రంగనాయకులు అనే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చినారు తమ్ముడూ మరదలూ. నేను ఉప్పునీళ్ల కథ మొదలుపెట్టినా. ఆయన వినిపించుకోలా. గేటు దగ్గర నిలబడి ఫోన్లో దిక్కులు చూసుకున్నాడు.

"పడమర ముఖం మాకు అచ్చిరాదమ్మా" అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. ఆయన వెనక్కి తిరిగి, "ఆ తూర్పు ముఖం ఇల్లు ఎవరిది?" అన్నాడు.

"హరినాథ్ గారిదండీ, గూడూర్లో ఉంటారు. నంబరుంది, రాసుకోండి" అన్నా. నేనే అన్నా. ఈ మనిషి మా గడప దిగిపోతే చాలు అని తప్ప ఇంకేమీ తట్టలా. ఆ బోరు నీళ్లు కూడా ఉప్పే. ఆ ఒక్క నిజం మాత్రం చెప్పలేదు.

నెల తిరక్కముందే రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు రంగనాయకులు. అంకాలమ్మ ఇడ్లీ పాత్రలూ, గ్రైండరూ ఆటోకి ఎక్కించింది. వెంకటాచలంలో చెల్లెలింటికి పోతా ఉంది. ఆ చెల్లెలికున్నది ఒక్క గది. పోయే ముందు నా దగ్గిరకొచ్చి చేతులు పట్టుకుంది.

"మగ్దలీనక్కా, మీ జోజప్ప సామికి నా గురించి ఒక మాట చెప్పు. ఆడ రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకోను నాలుగడుగుల చోటు దొరికితే చాలు. నువ్వు చెప్తే వింటాడు."

వింటాడు. అదే గదా వచ్చిన చిక్కు. సరేనని తలూపి పంపించేసుండొచ్చు, నా వల్ల కాలా. సిగ్గుతో చచ్చిపోయినా. గేటు పక్కన ఆయన్ని ఎటు తిప్పి పాతినానో, ఎవరి నంబరు ఎవరికిచ్చినానో, అన్నీ చెప్పేసినా. "నా నీడ పోతాదని భయపడి చేసినానే" అని ఏడ్చినా.

అంకాలమ్మ నా చేతులొదిలేసింది. శాపనార్థాలు పెడతాదనుకున్నా. పెట్టినా బాగుండేది.

"ఆయన్నేమనేది. ఎటు తిప్పితే అటు చూస్తాడు" అనింది. "తిప్పింది నువ్వు. మీ మరదలు నిన్ను పొమ్మన్నా, ఆశ్రమం అని ఒక పేరన్నా చెప్పింది. నువ్వు నాకు అది కూడా చెప్పలేదు."

పోయి ఆటోలో పాత్రల మధ్య ఇరుక్కుని కూర్చుంది. పోనియ్యమని చెప్పింది. ఆటో వీధి మలుపు తిరిగిందాకా గేటు పట్టుకుని నిలబడే ఉన్నా, ఆమె ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.