క్లిప్పు పెట్టని పేజీ

ఆమె ఆరిన బట్టలు మడతపెడుతుంటే భర్త వచ్చి ఆ మడతల మీదే ఒక నవల పెట్టాడు. ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు స్కూలు లైబ్రరీ నుంచి తెచ్చుకున్నది.

“చివరి పేజీ చూశాను. పనిపిల్ల కథలా ఉంది, ఆ పిల్ల చచ్చిపోతుంది. మధ్యలో ఖూనీ కూడా ఉన్నట్టుంది. నువ్వు చదివి, మనదానికి పనికొస్తుందో లేదో చెప్పు,” అన్నాడు.

పనికొస్తుందో లేదో చూసి చెప్పడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఆమె పనే. పాలు విరిగాయేమోనని ముందు ఆమె నాలుక మీద వేసుకోవాలి. నిన్నటి కూర ముందు ఆమె తినాలి. బాగుంటే అందరికీ, బాగోకపోతే కడుపునొప్పి ఆమె ఒక్కదానికే. అందుకే ఈ పని ఆమెకి అప్పజెప్పడం ఎవరికీ వింతగా తోచలేదు.

“అమ్మ రుచి చూసేదాకా నాకు పుస్తకం కూడా పెట్టరన్నమాట,” అంది కూతురు మూతి ముడుచుకుని.

“అంతే మరి. అసలే పిరికిదానివి. భయమేస్తే వచ్చి దూరేది నా పక్కలోకే కదా,” అంది అత్తగారు టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే.

పల్లెటూరి బళ్ళో చదివే రోజుల్లో పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవకుండా పారేసేది కాదు ఆమె. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం వారపత్రికలో మునిగిపోతే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. “మా కోడలు పుస్తకం పట్టుకుంటే ఇల్లే గుర్తుండదమ్మా,” అని అత్తగారు ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే ఏదో ఒకటి ఎదురు చెప్పేదేమో. నవ్వుతూ అన్న మాటకి ఎవరైనా ఏం చెబుతారు? ఎవరూ చదవొద్దనకుండానే చదవడం మానేసింది.

ఇప్పుడు చదవడమే ఇంటి పని అయింది. వరండాలోకి కుర్చీ లాక్కుని కూర్చుంది. లోపల్నుంచి పిలుపు వస్తే, “పిల్ల పుస్తకం చూస్తున్నానత్తయ్యా,” అంది. మళ్ళీ పిలవలేదు. భర్త టీ తనే పెట్టుకున్నాడు, చక్కెర ఎక్కడుందని మాత్రం రెండుసార్లు వచ్చి అడిగాడు. ఆమె కావాలనే నెమ్మదిగా చదివింది. బాగున్న పేజీ దగ్గర ఆగి మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఇంకా కాలేదా అంటే, “జాగ్రత్తగా చూడాలి కదండీ,” అంది. కాళ్ళు చాపుకుని, ఎండ పాదాల మీద పడుతుంటే, ఇలాంటి పని రోజూ ఉంటే ఎంత బాగుండు అనుకుంది.

పిల్ల చూడకూడదనిపించిన పేజీలకి బట్టల క్లిప్పులు పెట్టుకుంటూ పోయింది. అవి అలాగే బిగించి, మిగతాది చదువుకోమందామని ఆమె ఉపాయం. యజమాని తాగొచ్చి పనిపిల్ల గది తలుపు తట్టిన చోట ఒకటి, ఖూనీ దగ్గర ఒకటి.

“చదవమంటే ఆరేస్తున్నావేంటే?” అని నవ్వాడు భర్త.

చివరికి దగ్గరపడుతుండగా ఒక చిన్న పేజీ వచ్చింది. అందులో నెత్తురు లేదు, అరుపు లేదు. ఆ పనిపిల్ల పారిపోయి తల్లి దగ్గరికి వస్తుంది. తల్లి తల దువ్వి అన్నం పెడుతుంది. పిల్ల జరిగింది చెప్పబోతే, “ఇప్పుడవన్నీ ఎందుకు, ముందు తిను,” అంటుంది. తెల్లారి తనే తీసుకెళ్ళి మళ్ళీ ఆ యజమాని ఇంట్లో దింపి వస్తుంది.

ఆమె చేతిలో క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట తనది. మొన్నామధ్య కూతురు స్కూలు నుంచి వచ్చి, “అమ్మా, బస్సులో ఒకడు...” అని మొదలుపెడితే, పక్కగదిలో భర్తా అత్తగారూ ఉన్నారని, వింటే పిల్లని బస్సెక్కనివ్వరని, బడి కూడా మాన్పిస్తారేమోనని, అచ్చం ఆ మాటే అంది. తర్వాత మాట్లాడుకుందామంది కానీ ఆ తర్వాత రానే లేదు. పిల్ల మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తనందుకు, నిజం చెప్పాలంటే, ఆమెకి కొంచెం ఊరటగానే ఉండింది. ఇప్పుడీ పేజీ మూసేస్తే ఎవర్ని కాపాడినట్టు? పిల్లనైతే కాదు.

క్లిప్పులన్నీ ఒక్కొక్కటే తీసేసింది.

“చదవచ్చు,” అంది భోజనాల దగ్గర.

“ఖూనీ లేదా?” అన్నాడు భర్త.

“ఉంది.”

“పిల్ల చచ్చిపోదా?”

“చచ్చిపోతుంది. చదివి చెప్పమన్నారు, చదివే చెబుతున్నాను.”

“రాత్రిళ్ళు భయపడితే?” అంది అత్తగారు.

“నా దగ్గర పడుకుంటుంది లెండి.”

కంచాలు తీశాక పుస్తకం కూతురి చేతికిచ్చింది. “ఇందులో ఒక అమ్మ ఉంది. ఆమె మీద నీకు కోపం రావాలి. రాగానే నా దగ్గరికి రా,” అంది.

ఆదివారం మధ్యాహ్నం పిల్ల వచ్చింది, కళ్ళు ఎర్రగా చేసుకుని.

“వచ్చింది. చాలా వచ్చింది.”

“నా మీద?”

“నీ మీద కూడా.”

రావాల్సిన కోపమే వచ్చింది. నెత్తి మీద నుంచి బిందె దించినట్టయింది ఆమెకి. “బస్సు సంగతి చెప్పు. చివరిదాకా వింటాను. ఉండు, తలుపు వేసి వస్తాను,” అని లేవబోయింది.

“వద్దమ్మా,” అంది పిల్ల. “నాన్న, నానమ్మ కూడా విననీ.”

ఆమె తలుపు అలాగే వదిలేసి కూతురి పక్కన కూర్చుంది.