ముడే కదా

ఆ ఇంట్లో అందరూ దాన్ని ముడి అనేవారు. తమ్ముడు పుట్టిన మర్నాడే అమ్మకు ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. బల్ల మీద పడుకుని కూడా అమ్మ నోరు ఊరుకోలేదట. "ముడి గట్టిగా వెయ్యండి డాక్టరుగారూ, నా కుట్టులా ఉండాలి. ఊడిందంటే మీ పేరే పోతుంది" అందట. నాన్న ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వించేవాడు. తమ్ముడు జ్వరంతో పోయాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

మళ్లీ ఎత్తింది నాన్నమ్మే.

"ఎందుకలా గోడకేసి చూస్తూ కూర్చుంటావే? వేసింది ముడే కదా. విప్పించుకుంటే పోలా?"

అమ్మ తల తిప్పి చూసింది. ఆ చూపు చూసి పెద్దదానికి భయమేసింది. అన్నం ముందు పెడితే తినాలని కూడా తోచని మనిషి, ఆ రాత్రి అడిగి మరీ పెట్టించుకుంది.

పెద్దది అంటే ఆ ఇంటి ఆడపిల్ల. పదో తరగతి. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పడతాయి. చిన్నవాడు లేకపోయినా ఆ పిలుపు మాత్రం మారలేదు. "పెద్దదానా" అని ఎవరు పిలిచినా, పక్కనున్న ఖాళీనే ముందు పిలిచినట్టుండేది.

అమ్మకు వీధి మలుపులో బట్టలు కుట్టే కొట్టుంది. బడి యూనిఫారాలే ఎక్కువ. ప్రతి స్కర్టుకీ అంచు లోపలికి మడిచి కొంత గుడ్డ వదిలేది. "పిల్లలు పెరుగుతారు, గుడ్డ పెరగదు. కుట్టంటారా, ఎప్పుడైనా విప్పుకోవచ్చు. కత్తెర పడ్డాక మాత్రం నన్నడగొద్దు" అని ముందే చెప్పేసేది.

నాన్న బస్సు డ్రైవరు. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజున సెలవు దొరకలేదు. అమ్మ వెంట పెద్దదే వెళ్లింది. అంతకుముందే మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేని డాక్టరమ్మ కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చాలాసేపు చూసింది.

"జనం ముడి అంటారుగానీ అమ్మా, ఇక్కడ ముడేం లేదు. గర్భసంచికి రెండు వైపులా ఉండే గొట్టాల్లో మధ్య ముక్క కత్తిరించి తీసేశారు."

అమ్మ ఎక్స్‌రే దగ్గరికి వంగింది. "కత్తిరించారా? లోపలేమీ వదల్లేదా?" అని మాత్రం అడిగింది.

డాక్టరమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. పెద్దదానికి అర్థమైంది.

"ఒకవైపు దాదాపు ఏమీ మిగల్లేదు. రెండోవైపు అతకడానికి ప్రయత్నించొచ్చు. కానీ కడుపు నిలుస్తుందని మాటివ్వలేను, మీ వయసు కూడా చూడాలి. ఒక్కోసారి బిడ్డ అతుకు దగ్గరే ఆగి, గొట్టంలోనే పెరుగుతుంది. అది మీ ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఆలోచించుకుని రండి. తొందరేం లేదు."

"నాకుందండీ" అంది అమ్మ.

ఇంటి గుమ్మంలోనే నాన్నమ్మ ఎదురొచ్చింది. సంగతి విని, ఎవరో తనను మోసం చేసినట్టు చూసింది. "ముడి కాదా? మరి ఊరంతా ముడి అంటుందే!" అని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

నాన్న డ్యూటీ దిగి వచ్చాక అంతా విన్నాడు.

"వద్దులే. ఉన్న ఒక్కదాన్నీ చూసుకుందాం. నీకేమన్నా అయితే?"

"అతుకేసిన బట్ట తొడుక్కునేవాళ్లు లేరా? రోజూ నా చేత్తో వేసిస్తున్నానుగా."

"నువ్వు గుడ్డ ముక్కవా?"

అమ్మ పక్కకు తిరిగి పడుకుంది. నాన్న పెరట్లోకి వచ్చి, చెంబుతో కాళ్లు కడుక్కుంటూ గొంతు తగ్గించాడు. "పెద్దదానా, నా మాట చెవినేసుకోదు. నువ్వు చెప్పవే వద్దని. నువ్వు చెబితే వింటుంది."

పెద్దది తలూపింది. వద్దమ్మా, నువ్వు నాకు కావాలి. అంతే, చిన్నమాట. పొద్దున పళ్లు తోముకుంటూ అనుకుంది, జడ వేసుకుంటూ అనుకుంది. బడికి వెళ్లే ముందు కొట్టు మెట్టెక్కేదాకా ఆ మాట నాలుక మీదే ఉంది.

అమ్మ ఆమె కాళ్లకేసి చూసింది. "ఇదేంటే, స్కర్టు మోకాళ్ల పైకి ఎక్కింది? ఇలా రా, అంచు విప్పుతాను."

విప్పబోయి ఆగింది. మడత ఎప్పుడో అయిపోయింది. లోపల వదలడానికి ఏమీ లేదు. అమ్మ కాసేపు ఆ అంచునే వేళ్లతో నలిపింది. తరవాత ముక్కల బుట్టంతా కింద గుమ్మరించి, అదే నీలం పట్టీ ఒకటి వెతికి, కూతురికి తువ్వాలు చుట్టబెట్టి, మిషను ముందు కూర్చుంది. అంత శ్రద్ధగా కుట్టడం చూసి ఎన్నాళ్లయిందో. దారం పళ్లతో తెంపి, తొడుక్కోమని ఇచ్చి, దూరంగా జరిగి నిలబడింది.

"నిజం చెప్పు. అతుకు కనబడుతోందా?"

పాత గుడ్డ ఉతికి ఉతికి వెలిసిపోయింది. పట్టీ కొత్తది, ముదురు నీలం. వీధి అవతలివాళ్లకైనా తెలుస్తుంది. పెద్దది తల ఎత్తింది. అమ్మ మొహం తమ్ముడున్నప్పటి మొహంలా ఉంది.

"కనబడట్లేదమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

అమ్మ గట్టిగా ఊపిరి వదిలి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో.

"అదీ! ఇంత వెలిసిన గుడ్డకే కనబడకుండా వేశాను. సాయంత్రం కొట్టు కట్టేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం, సరేనని చెప్పేద్దాం. మీ నాన్న అడిగితే, పెద్దది కూడా సరేనంది అంటాను. సరేనా?"

చెప్పాల్సిన మాట ఇంకా నాలుక మీదే ఉంది. బడి గంట వినబడింది. పెద్దది పుస్తకాల సంచి కిందికి దించి, ఆ అతుకుకు అడ్డంగా పట్టుకుని మెట్టు దిగింది.