అడగని తెలుపు

ఆ స్టూడియో ఫోటోగ్రాఫర్‌కి ఒక అలవాటుంది. ఎవరి ఫోటో తీసినా కంప్యూటర్లో వాళ్ల మొహాన్ని కాస్త తెల్లగా, నున్నగా చేసేస్తాడు. చెయ్యమని ఎవరూ అడగరు, వద్దని ఎవరైనా అన్నట్టు అతనికి గుర్తులేదు. పైగా అదంతా తన మంచితనం అనుకుంటాడు, మహానుభావుడు.

ఓ మధ్యాహ్నం, అదే వీధిలో బట్టలు కుట్టే ఆవిడ ఒక ఫ్రేము చంకలో పెట్టుకుని వచ్చింది. అందులో ఉన్నది ఆమె కూతురు. ఆర్నెల్ల క్రితం జ్వరంతో పోయింది. చిన్నప్పటినుంచీ అందరిచేతా నల్లపిల్లా అని పిలిపించుకుని, ఫోటో అంటేనే పారిపోయేది. ఉద్యోగం దరఖాస్తు కోసం తప్పక ఇక్కడ తీయించుకున్న ఈ ఒక్కటే ఇప్పుడు మిగిలింది.

"తమ్ముడూ, దీని రంగు దీనికిచ్చెయ్యి."

"బాగానే ఉంది కదక్కా. ఎంత కళగా ఉందో!"

"కళగానే ఉందిలే. మా పిల్లే కాదు."

అతనికి ఆ ఫోటో తీసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఆ అమ్మాయి స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ, "మామయ్యా, నన్ను నాలాగే ఉంచు," అంది. "నే చూసుకుంటాగా, నువ్వు నవ్వు," అన్నాడు తను. ఫోటో చేతికిచ్చాక ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. మెచ్చుకోలేదేమిటని అప్పుడు నొచ్చుకున్నాడు కూడా.

అసలు ఫోటో కోసం ఫైళ్లన్నీ వెతికాడు. దొరకదని తనకి తెలుసు, వెతకడం ఆవిడ కోసమే. మార్చినది దాచుకుని అసలుది చెరిపేయడం కూడా అతని అలవాటే.

"లేదక్కా," అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ చీర కొంగు సర్దుకుని, ముంజేయి తెచ్చి మౌసు పక్కన పెట్టింది. "అయితే ఇది చూసి వెయ్యి. దానిది అచ్చం నా రంగే."

మొదట బూడిదలా వచ్చింది. తర్వాత ఇటుకలా వచ్చింది. గుడ్డకి తగ్గ దారం ఏరే కన్ను ఆవిడది, ఊరికే ఒప్పుకుంటుందా? "ఎరుపు తగ్గించు. ఊహూఁ, మరీ చంపెయ్యకు," అంటూ పక్కనే నిలబడింది. పన్నెండేళ్లుగా ఆ చేత్తో చొక్కాలు కుట్టించుకుంటున్నాడు గానీ, ఆ చేతిని ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో అతని ప్రాణం చచ్చిపోయింది.

"ఆఁ, ఇదీ!" అందావిడ. తెర మీది చెంపని వేలితో నిమిరింది.

"తప్పయిపోయిందక్కా. క్షమించు."

"నువ్వు అడగాల్సింది దాన్ని. నేనెవర్ని?" అని కళ్లు తుడుచుకుంది. "ఆ మచ్చ కూడా పెట్టెయ్యి. చిన్నప్పుడు నా ఇస్త్రీపెట్టె తగిలి కాలింది. గింజంత ఉంటుంది."

"ఏ చెంప మీదక్కా?"

ఆవిడ ఠక్కున కుడి చెంప తాకి చూపించింది. ఆగింది. ఎడమ చెంప తాకింది. మళ్లీ కుడివైపు వెళ్లబోయిన వేలు దారిలోనే ఆగిపోయింది.

"రోజూ పొద్దున్న లేవగానే దీన్నే చూస్తున్నా తమ్ముడూ..." ఆవిడ ఫ్రేము చూపించింది. "నువ్వు దగ్గర్నుంచి చూశావుగా. నువ్వు చెప్పు, ఏ వైపు?"

ఆ మచ్చని చెరిపింది అతనే. ఏ వైపుందో అతనికీ తెలియదు.